పద్నాలుగు గజాలు, ఆపైన ఒక చీర

నేను తప్పులు ఎక్కువగా నోటితోనే చేస్తాను. ఆ ఒక్కటి మాత్రం కత్తెరతో చేశాను. అవ్వ పాత చీరలు మూడు కలిపి కుట్టి, వాటి మీద విశ్వం పుట్టినప్పటి నుంచి మనదాకా బొమ్మలు వేసి, మిగిలిన గుడ్డను గీత పెట్టి మరీ కత్తిరించాను. కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదు. ఆ కత్తిరింపు చూసే మా అవ్వ ఆపరేషన్ చేయించుకోనని మొండికేసింది.

మా వైపు తండ్రిని బాపు, తల్లిని అవ్వ అంటాం. అప్పటికి ఆమెకు యాభై నిండలేదు. నేను మహబూబాబాద్ దగ్గర ఒక తండా బడిలో సైన్సు టీచర్ని. ఆ పిల్లల ఇంటి భాష వేరు. బడిలో తెలుగు మాట్లాడి, గడప దాటగానే తమ మాటలోకి జారుకునేవాళ్లు. నేను కోప్పడ్డ రోజుల్లో నా ముందే, నాకు అర్థం కాకుండా, నన్ను హాయిగా తిట్టుకునేవాళ్లు. నా కోపం అట్లాంటిది మరి, వాళ్లననడానికి లేదు.

తెలంగాణ కోసం సమ్మె మొదలవడానికి వారం ముందు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి నిలబడింది. వచ్చే ఏడు లోకం మునిగిపోతుందని టీవీలో రోజూ చెబుతున్నారు, అప్పుడు మాకు పదో తరగతి పరీక్షలు ఉంటాయా ఉండవా అని అడిగింది. పరీక్ష తప్పించుకోవడానికి అంత పెద్ద సాకు వెతికిన పిల్లను నేనెప్పుడూ చూడలేదు. లోకం ఎట్లా మొదలైందో తెలిస్తే ఎట్లా ముగుస్తుందోనన్న భయం సగం పోతుంది, సోమవారం చెబుతానన్నాను. సోమవారానికి బడికి తాళం పడింది. బస్సులు డిపోల్లో ఆగాయి, ఆఫీసుల్లో కాగితం కదలడం మానేసింది. రైళ్లు కూడా ఆపేస్తారని తెలిసి, దొరికిన ప్యాసింజర్ ఎక్కి రఘునాథపల్లి దగ్గరున్న మా ఊరికి వచ్చేశాను.

నాకంటే ముందే బాపు ఇంట్లో ఉన్నాడు. ఆయన భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బొగ్గుబాయిలు కూడా సమ్మెలో ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా వారానికి ఒకరోజు చుట్టంలా వచ్చిపోయిన మనిషి ఇప్పుడు పొద్దస్తమానం అరుగు మీదే కనబడుతుంటే అవ్వకు చేతులాడటం లేదు. కూరలో ఉప్పు ఎంత వేస్తున్నదో కూడా చూస్తున్నాడని నాతో చాడీలు చెప్పింది. చెబుతూ చెబుతూ గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అడిగితే మొదట ఏం లేదన్నది. బాపు లేచి బయటికి వెళ్లాక అసలు సంగతి చెప్పింది. ఏడాదిగా నెల నెలా కాదు, నెలంతా నెత్తురు పోతున్నదట.

మర్నాడే జనగామకు తీసుకుపోయాం. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, గర్భసంచిలో గడ్డ ఉంది, సంచి తీసేయాలన్నది. ఒంట్లో నెత్తురు సగమే ఉంది కాబట్టి మూడు వారాలు ఇనుము మాత్రలు, ఇంజెక్షన్లు ఇచ్చి దసరా దాటగానే ఆపరేషన్ చేస్తానన్నది. అవ్వ మందుల చీటీ తీసుకొని బయటికి పోయాక నన్ను ఆపి, ఇంకోసారి గట్టిగా నెత్తురు పోతే మనిషి దక్కదు, ఆ తేదీ మాత్రం తప్పించకండి అని చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు తేదీ తప్ప మరో ధ్యాస లేదు.

ఆటోలో వస్తుంటే అవ్వ తీరుబడిగా తన మాట చెప్పింది.

"వచ్చే ఏడు లోకమే పోతదంటున్రు గద బిడ్డా. గింత దానికి ఇప్పుడు కడుపు కోసుకునుడెందుకు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. టీవీలో ఆ కబుర్లు చెప్పేవాళ్లను, వాటిని వినేవాళ్లను, మధ్యలో పళ్లపొడి ప్రకటనలు వేసేవాళ్లను కూడా వదలకుండా తిట్టాను. బాపు మాత్రం దీర్ఘంగా ఆలోచించి, ఇంత కొట్లాడినంక తెలంగాణ రాకముందే లోకం మునిగితే మన సమ్మె సంగతేమిటన్నాడు. ఆటో నడిపేవాడు నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

అవ్వది ఉత్త మూఢత్వమని అప్పుడు అనుకున్నాను. కానీ ఆమెకు లోకం సంగతి నాకంటే ముందే తెలుసు, పటం మీద చూసి తెలుసుకుంది. మా కులానికి కథ చెప్పేవాళ్లు రెండు మూడేళ్లకోసారి చేర్యాల దిక్కు నుంచి వచ్చేవాళ్లు. రెండు గుంజలు పాతి, పొడుగాటి బట్ట పటం వేలాడదీసి, ఒక్కో బొమ్మే చూపిస్తూ రోజుల తరబడి కథ చెప్పేవాళ్లు. మొదట అంతా నీళ్లు, నీళ్లలో వెలుగు, ఆ వెలుగు నుంచి దేవతలు, కొండలు, జంతువులు, చివరికి మా కులం మూలపురుషుడు. పైకర్రకు చుట్టుకుంటూ పోతే కిందికర్ర నుంచి కొత్త బొమ్మ విచ్చుకునేది. ఎంత కథ అయినా కిందికర్ర మాత్రం ఎప్పుడూ బయటపడేది కాదు. దానికి బారెడు ఉత్త గుడ్డ చుట్టి ఉండేది. ఆ గుడ్డ మీద బొమ్మలు ఎందుకు లేవని చిన్నప్పుడు అడిగితే, అది ఇంకా పుట్టనోళ్లదని కథ చెప్పే తాత అన్నాడు. పటం వెలిసిపోతే పారేయరు. కొత్తది రాయించుకొని, పాతదాన్ని కర్ర కనబడేదాకా విప్పి, హారతి ఇచ్చి, మనిషికి చేసినట్టే అన్నీ చేసి ఏట్లో వదులుతారు. ఇవన్నీ నాకు తెలుసు. చదువుకున్న కొద్దీ తెలిసినవి వెనక్కి పోయాయి.

సమ్మెలో మండల కేంద్రం దగ్గర రోడ్డు పక్కన టెంటు వేసి రోజూ కూర్చునేవాళ్లం. ఒకరోజు రోడ్డు మీదే వంట, ఒకరోజు బతుకమ్మ ఆట, ఒకరోజు రోడ్డు మీదే పాఠాలు. పాఠం చెప్పే వంతు నాకు వచ్చింది. తండా పిల్లకు బాకీపడ్డ పాఠమే చెబుదాం, అవ్వను ముందు వరుసలో కూర్చోబెడదాం, ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాను. అవ్వకు పటం భాష వచ్చు కాబట్టి పటమే చేయాలనుకున్నాను.

గజానికి వంద కోట్ల సంవత్సరాలు. అట్లా కొలిస్తే విశ్వం వయసు పద్నాలుగు గజాలకు జానెడు తక్కువ వచ్చింది. ఒక్కోటి ఆరు గజాల పాత నూలు చీరలు మూడు అవ్వే ఇచ్చింది. జాజు, సున్నం, నీలిమందు, బాపు తెచ్చిన బొగ్గుపొడి, ఇవే రంగులు. బతుకమ్మ పూలకు పోవాల్సిన పొద్దుల్లో అరుగు మీద గుడ్డ పరిచి ముగ్గురం కూర్చునేవాళ్లం. అవ్వ కుట్టేది, నేను గీసేదాన్ని, బాపు రంగు అద్దేవాడు. నిజం చెప్పాలంటే మా ముగ్గురం అన్ని రోజులు కలిసి ఒకే పనిలో ఉండటం అదే మొదలు.

మొదటి అంచు దగ్గర ఒక చుక్క పెట్టాను. ఇప్పుడు ఉన్నదంతా అప్పుడు ఆ చుక్కంత కూడా లేని చోట ఒదిగి ఉండేదని, అది విచ్చుకుందని చెప్పాను. ఎక్కడ ఉండేది ఆ చుక్క అని అవ్వ అడిగింది. ఎక్కడ అనేది కూడా అందులోనే ఉండేదన్నాను. దానికి ముందో అంటే, మాకు తెలియదన్నాను. మీకు గూడ తెల్వనివి ఉన్నయన్నమాట అని ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది. ఆ జవాబు ఆమెకు నచ్చినట్టే ఉంది. ఆ తర్వాత మొదటి జానెడు దాదాపు అంతా చీకటి. బాపు దానికి బొగ్గుపొడి పూసి, ఇంత చీకటి మా బాయిల గూడ ఉండదన్నాడు.

చీకటి తర్వాత నక్షత్రాలు. అవ్వ మింగుతున్న మాత్రల మాట అక్కడే వచ్చింది. ఆ మాత్రలో ఉన్నది ఇనుమని, అట్లాంటి ఇనుమంతా పెద్ద పెద్ద నక్షత్రాల కడుపులో తయారై, అవి పగిలి చచ్చిపోయినప్పుడు బయటికి చెదిరిందని చెప్పాను. భూమిలోకి వచ్చింది అదే, ఆకుకూరలోకి వచ్చింది అదే, మన నెత్తురు ఎర్రగా ఉన్నదీ దానివల్లే. అవ్వ మాత్రను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. అయితే నా కోసం ఒక చుక్క సచ్చిందా అన్నది. నీ కోసమని కాదు, కానీ అది చావకపోతే నువ్వు లేవన్నాను. దాని పేరేమిటని అడిగింది. పేరు పెట్టడానికి అప్పటికి ఎవరూ పుట్టలేదన్నాను. పేరు లేకుండా పోయిందే పాపం అనుకుంటూ మాత్ర మింగి నీళ్లు తాగింది.

చివరి నుంచి నాలుగున్నర గజాల దగ్గర సూర్యుడు, భూమి. ఇక చివరికి జానెడు ఉందనగా బాపు నన్ను ఆపి లోపలికి వెళ్లాడు. ఆయన దగ్గర ఒక రాతిపలక ఉండేది. ఎప్పుడో బొగ్గుబాయిలో పైకప్పు నుంచి ఊడిపడ్డది. దాని మీద ఒక ఆకు అచ్చు, నడిమి ఈనె, పక్క ఈనెలు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. భూపాలపల్లి బొగ్గంతా ఒకప్పటి అడవేనని, ఆ అడవి వయసు ఇరవై అయిదు కోట్ల ఏళ్లకు అటూ ఇటుగా ఉంటుందని నేను ఆయనకు ఎప్పుడో చెప్పాను. ఆయన దాన్ని గుర్తు పెట్టుకొని, పలకను సరిగ్గా ఆ జానెడు మీద పెట్టాడు.

"అంటే ముప్పై ఏండ్ల సంది నేను డ్యూటీకి పోయేది జానెడు ఎన్కకే," అన్నాడు. ఆయన ముఖంలో అంత గర్వం నేను అంతకుముందు చూడలేదు.

మనుషులకు చోటెంత అని కొలిచాను. రెండు మూడు లక్షల ఏళ్లంటే ఆ గుడ్డలో ఒక్క నూలుపోగు. ఆఖరి పోగును జాజుతో ఎర్రగా చేశాను. ఆ పోగు పక్కనే గీత పెట్టి మిగతా గుడ్డ కత్తిరించాను. ఇవాళ్టితో ఆపడమే సైన్సని నా నమ్మకం. కత్తిరించిన నాలుగు గజాలు రంగు తుడుచుకోవడానికి పనికొచ్చాయి. ఎర్రపోగు విడిపోకుండా గుడ్డ అంచును కిందికర్రకు మేకులతో కొట్టాను.

బతుకమ్మ ఆఖరి రోజుకు మూడు రోజుల ముందు, మధ్యాహ్నం పూట, రోడ్డు మీద పటం నిలబెట్టాం. హైదరాబాదు పోయే రోడ్డు ఖాళీగా ఉంది. ఒక కర్ర బాపు పట్టుకున్నాడు, ఒకటి తోటి టీచరు. నేను అంతకంటే బాగా పాఠం ఎప్పుడూ చెప్పలేదు, గొప్పకు కాదు. ఆడవాళ్లు పనులు వదిలి వచ్చి కూర్చున్నారు. చుక్క దగ్గర గుసగుసలు, నక్షత్రాల దగ్గర నిశ్శబ్దం, ఆకు పలక చేతులు మారుతుంటే ఒకటే సందడి. చివరికి ఎర్రపోగు వచ్చింది. మనం ఇక్కడ అన్నాను. అంతటితో గుడ్డ అయిపోయి, కిందికర్ర బోసిగా బయటపడింది.

తర్వాత పెద్దావిడ ఒకామె లేచి పక్క ఇంట్లోకి వెళ్లి హారతిపళ్లెం, పసుపునీళ్లు తెచ్చింది. నాకు మర్యాద చేస్తున్నారనుకొని పొంగిపోయాను. ఆమె నా వైపు చూడనైనా లేదు. పటానికి హారతి ఇచ్చింది, కర్ర మీద పసుపునీళ్లు చల్లింది. మిగతా వాళ్లు వరుసగా వచ్చి ఆ ఎర్రపోగును తాకి కళ్లకద్దుకొని వెళ్లిపోయారు. అవ్వ అందరికంటే చివర వచ్చింది. ఆమె కూడా కళ్లకద్దుకొని, నాతో ఏమీ అనకుండా ఇంటి దారి పట్టింది.

ఇంటికి వెళ్లేసరికి మాత్రల సీసా కిటికీలో పెట్టేసి మంచం మీద కూర్చుని ఉంది. జనగామకు రానని చెప్పింది. నేను కారణం అడిగాను.

"టీవోళ్లు అబద్ధం చెప్తున్నరేమో అనుకున్న. నువ్వు చెప్పవు గద. నీ పటం గూడ మన కాన్నే ఒడిసింది బిడ్డా," అన్నది.

పటం మన దగ్గరే అయిపోతే ఏమిటో నాకు ముందు అర్థం కాలేదు, అర్థం కాకుండానే కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో గొంతు చించుకున్నాను. సైన్సు చెప్పాను, డాక్టరమ్మ నాతో అన్న మాట చెప్పేశాను, చివరికి చిన్నపిల్లలకు పెట్టినట్టు ఒట్టు కూడా పెట్టాను. ఆమె ప్రతిదానికీ తలూపి కదలకుండా కూర్చుంది. తేదీకి ఇంకా పది రోజులు కూడా లేవు.

మూడో రోజు పొద్దున డాక్టరమ్మ రాసిన కాగితాల కోసం అవ్వ రేకు సందుగ తెరిచాను. అడుగున ఒక కొత్త చీర ఉంది. పసుపుపచ్చ నూలు చీర, ఎర్ర అంచు, మడత విప్పనిది. మడతలో పసుపుకొమ్ము, కుంకుమ పొట్లం. మా దగ్గర పెళ్లయిన ఆడమనిషి పోతే పుట్టింటి నుంచి చీర రావాలి. అది కప్పకుండా ఇంట్లో నుంచి తీయరు. అవ్వ పుట్టిల్లు జఫర్‌గఢ్. ఆ చీరను అట్లాగే పట్టుకొని అవ్వ ముందుకు వెళ్లి నిలబడ్డాను. ఆమె దొరికిపోయిన పిల్లలా చూసింది.

"అన్నదమ్ములు లేనిదాన్ని. మా అవ్వ బాపు ఎన్నడో పాయిరి. జఫర్‌గఢ్ కాంచి ఎవలు తెస్తరని నేనే తెచ్చుకున్న," అన్నది. నా చేతిలోని చీర అంచు సవరిస్తూ, "అందరం ఒక్కపారి పోయేదైతే నాకు భయం లేదు బిడ్డా. గా మత్తుసూదిల ఒక్కదాన్నే పోవుడంటేనే కాళ్లు వణుకుతున్నయి," అన్నది.

అప్పుడు తెలిసింది నాకు. ఆమె యుగాంతాన్ని నమ్మడం కాదు, దాని చాటున దాక్కుంటున్నది. అందరితో కలిసి మునగడంలో ఆమెకు ధైర్యం దొరికింది. నేనేమో రెండు రోజులుగా నక్షత్రాల లెక్కలు చెబుతూ అరుస్తున్నాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చొని నిజంగానే ఏడ్చాను.

బాపు గడపలో నిలబడి అంతా విన్నాడు. ఓదార్చడం ఆయనకు రాదు. సూర్యుడు ఇంకా ఎన్ని గజాలు మండుతాడని అడిగాడు. ఏడుస్తూనే ఐదు గజాలన్నాను.

అవ్వ చటుక్కున తల తిప్పింది. అంతవరకు మంచం మీద జారగిలి ఉన్న మనిషి నిటారుగా కూర్చుంది.

"ఐదు గజాలున్నదా? మరెందుకు కోసినవే? కర్ర కనబడెదాంక పటం ఎన్నడు ఇప్పుతరో ఎరుకలేదా నీకు?"

ఎరుకే. ఏట్లో వదిలే రోజున విప్పుతారు. పదేళ్ల వయసులో తాత చెబితే విన్నదాన్ని, అడిగి మరీ తెలుసుకున్నదాన్ని. పుట్టనివాళ్ల కోసం ఉంచాల్సిన గుడ్డను నా కత్తెరతో కోసి రంగు తుడుచుకున్నాను. ఊరి ఆడవాళ్లంతా ఆ రోజు రోడ్డు మీద లోకానికి హారతి ఇచ్చి సాగనంపి వెళ్లారు, అది నాకు చేసిన మర్యాదని నేను మురిసిపోయాను. తప్పు ఒప్పుకున్నాను. జరిగినంతవరకే గీయడం తెలుసు గానీ జరగాల్సినదానికి చోటు వదలాలని తోచలేదన్నాను. తోచకపోవుడేంది, మతిమరుపని అవ్వ తిట్టింది. ఆ తిట్టు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తిట్టే ఓపిక వచ్చిందంటే మనిషి మన వైపు తిరిగినట్టే.

పటం తెచ్చి మంచం మీద పరిచాం. అవ్వ ఎర్రపోగును వేలితో తడిమి, మనమంతా ఇంతేనా అని మళ్లీ అడిగింది. రాజులు, దేశాలు, యుద్ధాలు, మన సమ్మె, నీ గడ్డ, నా కోపం, అన్నీ ఆ పోగులోనేనన్నాను. ఆమె ముఖం వాడిపోతుందనుకున్నాను. తేలికపడింది. ఇంత సన్నపు పోగు కోసం లోకమంతా పనిగట్టుకొని మునుగుతదా అని నవ్వింది. చిన్నవాళ్లమని తెలిస్తే మనసు చిన్నబోవాలని నేను చదివిన పుస్తకాల్లో ఉంది. మా అవ్వకు అది బరువు దించినట్టయింది. ఆమె నవ్వు చూసి నాకూ అట్లాగే అయింది, ఇప్పటికీ ఆకాశం వైపు చూసినప్పుడు నాకు కలిగేది ఆ తేలికే.

కుట్టడానికి గుడ్డ కావాలి. బందు, దుకాణాలు తెరవలేదు. పాత చీరలు మూడూ పటానికే పోయాయి. బాపు తన ధోవతి తెస్తానని లేచాడు. అవ్వ వద్దని, నా ఒడిలో ఉన్న పసుపు చీర వైపు చూసింది. తానే తీసుకొని మడత విప్పింది. పసుపుకొమ్మును వంటింటి డబ్బాలో వేయమని నా చేతికిచ్చింది. నేను కర్రకు కొట్టిన మేకులు పీకేశాక, ఎర్రపోగు పక్కన కొత్త చీర అంచు ఆనించి కుట్టడం మొదలుపెట్టింది. ఐదు గజాలు పోగా మిగిలిన గజాన్ని కర్రకు చుట్టేసింది, కర్ర కనబడకుండా.

సూర్యుడు అంతకాలం మండినా, భూమి మీద వేడి అంతకు చాలా ముందే బతకలేనంతగా పెరుగుతుందని, మనకున్నది గజం కావచ్చని తర్వాత ఎప్పుడో చదివి ఆమెతో నిజాయితీగా చెప్పాను. గజమెందుకు, జానెడు చాలన్నది.

దసరా దాటిన నాలుగో రోజు జనగామకు బయల్దేరాం. ఆ రోజు రోడ్డు బందు. టెంటు దగ్గర రాళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. మా ఆటోలో అవ్వను చూసి వాళ్లే రాళ్లు పక్కకు జరిపారు. ఆ రోజు హారతి ఇచ్చిన పెద్దావిడ ఆటో దగ్గరికి వచ్చింది. పటానికి గుడ్డ కుట్టినం, ఇంక చాలా ఉన్నదంట అని అవ్వ ఆమెకు కబురు చెప్పింది. ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని, మరి ముందే చెప్పొద్దా అని నా వైపు గుర్రుగా చూసింది.

దవాఖానలో లోపలికి తీసుకుపోయే ముందు బాపు అవ్వ పక్కన నిలబడి, ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా చెప్పని మాట చెప్పాడు.

"బాయిల దిగుడు ఒక్కన్నే దిగినట్టే ఉండేది. భయమైతుండె. పొద్దుగాల దిగిన, పొద్దూకి పైకొచ్చిన. నువ్వు గూడ గంతే. దిగి రా."

అవ్వ ఆయన్ని కొత్తగా చూసింది. ఆయనకూ భయం ఉండేదని ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. తర్వాత నా చెయ్యి పట్టుకొని వంగమన్నది.

"పోతే కప్పనీకి చీర గూడ లేదు బిడ్డా. పటానికి కుట్టిన. ఇగ రాక తప్పదు."

రెండు గంటలు వరండాలో కూర్చున్నాం. నాకు తెలిసిన సైన్సులో ఆ రెండు గంటలకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. బాపు ఆకు పలకను జేబురుమాలులో చుట్టి తెచ్చుకున్నాడు. దాన్ని మోకాలి మీద పెట్టుకొని ఈనెలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. డాక్టరమ్మ బయటికి వచ్చి, గడ్డ మామూలుదే, వేరే భయం ఏమీ లేదు, మనిషి బాగుంది అన్నది. బాపు లెక్క ఆపి పలకను మళ్లీ చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఇంకొన్ని రోజులకు సమ్మె ముగిసింది. పటం తండా బడికి తీసుకుపోయాను. బాకీపడ్డ పాఠం చెప్పాను. పసుపు చీర దగ్గరికి రాగానే పిల్లలు తమ భాషలో ఏదో అనుకొని గట్టిగా నవ్వారు. ఏమిటని అడిగితే, అంత జాగా ఉంటే పరీక్షలు తప్పేట్టు లేవంటున్నామని ఆ పిల్ల చెప్పింది. మరుసటేడు, టీవీలో చెప్పిన రోజున బడికి ఒక్కరు కూడా గైర్హాజరు కాలేదు. ఆ పిల్ల పరీక్షలు రాసింది. తెలంగాణ వచ్చింది. లోకం అట్లాగే ఉంది.

ఆ తర్వాత బడి సెలవుల్లో ఇంటికి వెళ్లిన ప్రతిసారీ అవ్వకు ఒక చీర తీసుకెళ్లేదాన్ని. పట్టువి, నూలువి, మంచివి, మామూలువి. ఊరికే ఒకసారి సందుగ తెరిచి చూశాను. అందులో పాత దుప్పట్లు, బాపు ఆకు పలక తప్ప ఏమీ లేవు. నా చీరలేవీ దాచుకోలేదా అని అడిగాను. అన్నీ కట్టుకుంటున్ననని చెప్పి, ఆరవేసిన చీర తీసుకురావడానికి పెరట్లోకి వెళ్లింది.